కుష్ఠు నయమైన వృద్ధులలో మతిమరుపు: జన్యువుల పాత్ర ఎంత?

వంశధార గట్టు (శ్రీకాకుళం)

సభ్యులందరికీ నమస్కారం. నేను కుష్ఠు నివారణ విభాగంలో పారామెడికల్ ఉద్యోగిగా మూడు దశాబ్దాలకు పైగా ఈ జిల్లాలో తిరిగి, పదవీ విరమణ చేసినవాణ్ణి. 1980లలో బహుళ ఔషధ చికిత్స మన వైపు వచ్చిన తొలిరోజుల్లో, నెలకొకసారి చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుని, రోగి చేత ఎర్రమందు మా ఎదుటే మింగించి, తక్కిన ఇరవై ఏడు రోజుల మాత్రల అట్ట చేతికిచ్చి పంపేవాళ్లం. ఎర్రమందు అంటే రిఫాంపిసిన్. అది మింగిన రోజు మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే, మర్నాడు ఇంటిల్లిపాదీ భయపడి మా దగ్గరకు వచ్చేవారు. ఆనాడు నా ఎదుట మందు మింగినవారిలో బ్రతికి ఉన్నవారికి ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు వచ్చాయి.

అలాంటి ఒక మామ్మగారి సంగతి అడగడానికే ఇది రాస్తున్నాను. ఊరికి దూరంగా ఉన్న కుష్ఠు కాలనీలో మనుమడితో ఉంటారు. కుష్ఠు నయమై నలభై ఏళ్లు కావస్తోంది. చేతివేళ్లు వంకరపోయాయి, అరికాళ్లకు స్పర్శ లేదు, ఒక కన్ను పూర్తిగా మూతపడదు. గత ఏడాదిగా పొయ్యి మీద గిన్నె పెట్టి మరచిపోతున్నారు, మనుమణ్ణి వాళ్ల నాన్న పేరుతో పిలుస్తున్నారు, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. మనుమడు విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాడు. మొన్న నేను వెళ్లినప్పుడు నన్ను గుమ్మం అవతలికి తీసుకువెళ్లి, "తాతా, ఇది ఆ పాత రోగం తాలూకు మిగులేటా? రక్తంలో దిగిపోయి నాకూ వస్తాదేటి?" అని అడిగాడు. ఆ పిల్లవాడి ఫోనులోకే మరో సందేశం కూడా వచ్చింది. కుష్ఠు వచ్చినవారికి అల్జీమర్స్ రాదని అందులో ఉంది. ఒకటి భయపెడుతోంది, ఒకటి ఊరిస్తోంది. రెండింటిలో ఏది నిజమో, జన్యువుల మాట ఇందులో ఎంతవరకు ఉందో తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి. ఆ పిల్లవాడికి నేను సరైన జవాబు చెప్పాలి.

కోట వీధి డాక్టరు (విజయనగరం)

వంశధార గారికి నమస్కారం. నరాల వైద్యం చేసేవాణ్ణి గనుక డిమెన్షియా వైపు నుంచి చెబుతాను, కుష్ఠు జన్యువుల సంగతి తెలిసినవారు తరువాత రాస్తారు.

డిమెన్షియా అన్నది ఒకే జబ్బు కాదు. జ్ఞాపకం, మాట, వివేచన క్రమంగా సడలి రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితికి పెట్టిన పేరు అది. అల్జీమర్స్ వల్ల రావచ్చు, మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల రావచ్చు, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) తరహా జబ్బుల వెంట రావచ్చు, ముసలితనంలో రెండు మూడు కలిసి కూడా ఉంటాయి. మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా ఉన్నట్టు జాతీయ స్థాయి సర్వే ఆధారంగా 2023లో అంచనా కట్టారు. పట్టణాల కంటే పల్లెల్లో, మగవారి కంటే ఆడవారిలో ఎక్కువని అందులోనే తేలింది.

ఇక జన్యువులు. వీటిని రెండు రకాలుగా విడదీసి చూడకపోతే గందరగోళం తప్పదు. ఏపీపీ, ప్రెసెనిలిన్ 1, ప్రెసెనిలిన్ 2 అనే మూడు జన్యువులలో ఏదో ఒకదానిలో బలమైన మార్పు ఉంటే, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సగానికి సగం అవకాశంతో జబ్బు దిగుతుంది. కాని ఇది నలభై, యాభై ఏళ్లకే మొదలయ్యే చాలా అరుదైన రకం. డెబ్బై దాటాక మొదలయ్యే మతిమరుపు దాదాపుగా ఈ కోవలోకి రాదు.

రెండో రకం, అందరూ చెప్పుకొనే అపోఈ జన్యువు. ఇది పందొమ్మిదో క్రోమోజోము మీద ఉంటుంది. రక్తంలోనూ మెదడులోనూ కొవ్వును మోసే ఒక ప్రొటీనును తయారు చేయిస్తుంది. దీనికి ఈ2, ఈ3, ఈ4 అని మూడు రూపాలు ఉన్నాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఎక్కువ మందికి ఉండేది ఈ3. ఈ4 ఒకటి ఉంటే అల్జీమర్స్ వచ్చే అవకాశం సుమారు మూడింతలు, రెండూ ఈ4 అయితే ఎనిమిది, పది, అంతకన్నా ఎక్కువ రెట్లు కూడా అవుతుందని పాశ్చాత్య దేశాల లెక్కలు చెబుతాయి. ఈ2 కొంత రక్షణ ఇస్తుంది. ఆలస్యంగా అల్జీమర్స్ వచ్చే కుటుంబాలను 1993లో పరిశీలించినప్పుడు, ఈ4 ఒక్కటీ లేనివారిలో జబ్బు సగటున 84 ఏళ్లకు మొదలైతే, రెండు ఈ4లు ఉన్నవారిలో 68 ఏళ్లకే మొదలైంది.

అయినా ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ4 ఉన్నవారందరికీ జబ్బు రాదు, ఈ4 లేనివారెందరికో వస్తుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో భారత, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనంలో ఈ4 రూపం 7 శాతంగా ఉంటే, పోల్చి చూసిన పెన్సిల్వేనియా ప్రాంతంలో 11 శాతంగా ఉంది. మనవారిలో ఈ4 తక్కువే కాని, ఉన్నచోట దాని సంబంధం రెండు చోట్లా ఒకే తీరుగా కనిపించింది.

మామ్మగారికి ఈ పరీక్ష చేయించమని మాత్రం ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఫలితం ఏది వచ్చినా ఆమెకు ఇచ్చే వైద్యం మారదు. అల్జీమర్స్‌కు ఇచ్చే లెకానిమాబ్ వంటి కొత్త ఇంజెక్షన్ మందులు మొదలుపెట్టే ముందు, మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు తెలుసుకోవడానికి అపోఈ చూస్తారు. ఆ మందుల ప్రసక్తి లేని ఇంట్లో ఆ కాగితం ఒక్క భయాన్నే మిగులుస్తుంది.

సూక్ష్మజీవి పాఠం (ఆమదాలవలస)

డాక్టరు గారు వదిలిన చోట నుంచి అందుకుంటాను. సూక్ష్మజీవశాస్త్రం బోధించాను, కుష్ఠు నాకు ఇష్టమైన పాఠం.

నార్వే దేశస్థుడు హాన్సెన్ 1873లో కుష్ఠు క్రిమిని చూపించేదాకా, ఆ దేశపు పెద్ద వైద్యులే ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బని గట్టిగా నమ్మారు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రావడం చూసి అలా అనుకున్నారు. క్రిమి బయటపడ్డాక ఆ నమ్మకం కూలింది. కుష్ఠు అంటువ్యాధే, అదీ చాలా నెమ్మదైనది. ఆ క్రిమి ఒకటి రెండు కావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. నూటికి తొంభై అయిదు మందికి పైగా మనుషులు దానికి సహజంగానే లొంగరు.

అయితే లొంగే ఆ కొద్దిమందే ఎందుకు లొంగుతారు అన్న ప్రశ్న దగ్గర జన్యువులు మళ్లీ వస్తాయి. రోగం వంశంలో దిగదు, క్రిమిని ఎదుర్కొనే శక్తిలో తేడాలు మాత్రం కొంత పుట్టుకతో వస్తాయి. వియత్నాం కుటుంబాలలోనూ, బ్రెజిల్ రోగులలోనూ జరిపిన పరిశోధనలో పార్క్2 అనే జన్యువు పరిసరాల్లోని తేడాలకు కుష్ఠుతో సంబంధం ఉన్నట్టు 2004లో వెల్లడైంది. చిన్న వయసులో వచ్చే పార్కిన్సన్స్‌కు కారణమని అప్పటికే పేరుపడిన జన్యువు అది! 2009లో చైనాలో వేలమంది జన్యుపటాలను పోల్చినప్పుడు ఎన్ఓడీ2 వంటి రోగనిరోధక జన్యువులు బయటపడ్డాయి, వాటితో పాటు ఎల్ఆర్ఆర్‌కే2 పేరు కూడా వినిపించింది. ఇదీ పార్కిన్సన్స్ జన్యువే. ఆ పైన 2019లో వచ్చిన ఒక పరిశోధన ఈ రెండు జన్యువులనూ కుష్ఠులో వచ్చే మొదటి రకం రియాక్షన్‌తో కలిపి చూసింది. వంశధార గారికి ఆ రియాక్షన్ బాగా తెలుసు. మచ్చలు ఉబ్బి, నరం వాచి, రాత్రికి రాత్రి చేయి పడిపోయే దశ అది.

నరాలు క్షీణించే జబ్బుకూ, నరాలను పట్టే క్రిమికీ ఒకే జన్యువులు ఎందుకు తగులుతున్నాయి? నాకు అర్థమైనంతవరకు ఇది వాపు ప్రక్రియకు సంబంధించినది. దేహం క్రిమి మీద ఎంత తీవ్రంగా విరుచుకుపడాలి, ఎప్పుడు ఆగాలి అన్నది నిర్ణయించే యంత్రాంగంలో ఈ జన్యువులకు భాగం ఉంది. ఒకచోట మేలు చేసే తేడా మరొకచోట కీడు చేయవచ్చు. ఎల్ఆర్ఆర్‌కే2లోని ఒకే తేడా పార్కిన్సన్స్ వైపు ఒక దిశలోనూ, కుష్ఠు రియాక్షన్ వైపు దానికి ఎదురు దిశలోనూ పనిచేస్తున్నట్టు ఆ 2019 పరిశోధన చూపింది. కనుక కుష్ఠు వచ్చిందంటే మెదడు జబ్బు కూడా రాసిపెట్టి ఉందని దీని నుంచి ఎవరూ తేల్చకూడదు.

మరొకటి. కుష్ఠు క్రిమి పట్టేది ప్రధానంగా చర్మాన్నీ, చేతులకూ కాళ్లకూ ముఖానికీ వెళ్లే బయటి నరాలనూ, వాటిని చుట్టి ఉండే ష్వాన్ కణాలనూ. దేహంలో చల్లగా ఉండే భాగాలంటే దానికి ఇష్టం. మెదడు దాని సహజమైన నివాసం కాదు. అలాగే, పాత కుష్ఠు రోగులలో కొందరికి మూత్రపిండాలలో అమైలాయిడ్ అనే గట్టిపడిన ప్రొటీను పేరుకుంటుంది. అల్జీమర్స్ మెదడులోనూ అమైలాయిడ్ అనే మాటే వాడతారు. పేరు ఒకటే, ప్రొటీన్లు వేరు. మూత్రపిండాలది ఏళ్ల తరబడి వాపు, పుండ్లు ఉండడం వల్ల రక్తంలో పెరిగే ప్రొటీను. మెదడులోది ఏపీపీ నుంచి తెగిపడే బీటా ముక్క. ఈ రెండింటినీ కలిపేసి రాసిన వ్యాసాలు చూశాను కనుక చెబుతున్నాను.

పెరటి జామ (నెల్లిమర్ల)

అందరూ పెద్దవారు, చదువుకున్నవారు. నేను కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. మా అమ్మకూ నాన్నకూ ఈ వ్యాధి ఉండేది, నాకు లేదు, నా పిల్లలకూ లేదు.

మీరు "పుట్టుకతో వస్తాయి" అన్న ఒక్క ముక్క రాసేటప్పుడు ఆ మాట మా ఇళ్లలో ఏం చేసిందో తలచుకోండి. నాకు కుదిరిన సంబంధం "వాళ్ల రక్తంలోనే ఉంది" అన్న ఒక్క మాటతో తప్పిపోయింది. అప్పటికి మా అమ్మ మందు పూర్తి చేసి పదకొండేళ్లు. భార్యకో భర్తకో కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు అడిగే అవకాశాన్ని చట్టంలోంచి తీసేసింది 2019లోనే అని గుర్తుంచుకోండి. అంతవరకూ చట్టమే అలా అంటుంటే ఊరివారిని ఏమనగలం? మా వీధి పిల్లలు ఇప్పుడు కాలేజీలకు వెళుతున్నారు, ఊళ్లో అద్దె ఇళ్లు దొరుకుతున్నాయి. రేపు ఎవరో "కుష్ఠు వారికి మతి చెడే జన్యువు కూడా ఉందట" అని సగం చదివి మోస్తే, అదే గోడ మళ్లీ లేస్తుంది.

పరిశోధన వద్దని అనడం లేదు. మా అమ్మ చివరి నాలుగేళ్లు నన్నే "ఎవరమ్మా నువ్వు" అని అడిగింది. ఎందుకు అలా అయిందో తెలుసుకోవాలని నాకూ ఉంది. ఆమెను చూపించడానికి తీసుకువెళ్లిన ఒక ఆసుపత్రిలో, చేతులు చూసి, స్టెతస్కోపు ఆనించకుండానే, "ఈ వయసులో మామూలే" అని చీటీ రాసి పంపేశారు. నాకు కావలసింది జన్యుపటం కాదు, ముందు ఆమెను ముట్టుకుని చూసే వైద్యుడు.

సూక్ష్మజీవి పాఠం

అమ్మా, మీరు చెప్పింది న్యాయం. నా వాక్యాన్ని సరిచేసి మళ్లీ రాస్తున్నాను. పుట్టుకతో వచ్చేవి రోగనిరోధక శక్తిలోని చిన్న చిన్న తేడాలు. అవి కాలనీ వారికీ, ఊరివారికీ, ఇక్కడ రాస్తున్న మా అందరికీ ఏదో ఒక మేరకు ఉన్నాయి. ఆ తేడా ఉన్న లక్షలమందికి కుష్ఠు రాలేదు, క్రిమి తగలక రాలేదు, తగిలినా రాలేదు. కుష్ఠు వచ్చినవారికంటూ ప్రత్యేకమైన డిమెన్షియా జన్యువు ఏదీ లేదు.

మందుల బీరువా (బొబ్బిలి)

వంశధార గారి రెండో ప్రశ్న ఎవరూ అందుకోలేదు. ఫోనుల్లో తిరుగుతున్న ఆ సందేశానికి అసలంటూ ఒకటి ఉంది. మొన్న నా దుకాణానికి ఒకరు వచ్చి, "మతిమరుపు రాకుండా డాప్సోన్ ఇవ్వండి" అని అడిగారు. డాప్సోన్ అంటే కుష్ఠుకు వాడే మాత్ర. చీటీ లేకుండా ఇవ్వనని పంపేశాను. పాత సంగతి తెలిసినవారు కాస్త వివరిస్తే, ఇలా అడిగేవారికి చెప్పడానికి వీలవుతుంది.

కోట వీధి డాక్టరు

ఆ కథ జపాన్‌ది. అక్కడ కుష్ఠు రోగులను చట్టప్రకారమే శానటోరియంలలో ఉంచేవారు, ఆ చట్టం 1996 దాకా రద్దు కాలేదు. అందువల్ల వేలమంది వృద్ధులు ఒకేచోట, దశాబ్దాల మందుల రికార్డులతో సహా ఉన్నారు. 1992లో మెక్‌గీర్ బృందం ఆ రికార్డులను చూసి ఒక విశేషం ప్రకటించింది. డాప్సోన్ లేదా దానికి దగ్గరి మందు ఎడతెగకుండా వాడినవారిలో డిమెన్షియా సుమారు 3 శాతం, వాడనివారిలో 6 శాతానికి పైన ఉన్నట్టు వారికి కనిపించింది. డాప్సోన్‌కు వాపును తగ్గించే గుణం ఉంది గనుక అదే మెదడును కాపాడిందేమోనని ప్రపంచమంతా ఆశపడింది. అదే కాలంలో, చనిపోయిన కుష్ఠు రోగుల మెదళ్లలో అమైలాయిడ్ మచ్చలు తక్కువగా ఉన్నాయని కూడా జపాన్ శాస్త్రజ్ఞులు రాశారు.

ఆ తరువాతి సంగతిని ఫోను సందేశాలు మోయవు. 1994లో మరో బృందం అలాంటి మెదళ్లనే పరిశీలించి, అమైలాయిడ్ తక్కువగా ఉన్నా, అల్జీమర్స్‌కు రెండో గుర్తు అయిన టౌ ప్రొటీను ముడులు ఎక్కువగా ఉన్నాయని చూపింది. 1999లో ఇంకొక జపాన్ బృందం, కుష్ఠు మందులు అల్జీమర్స్‌ను ఆపుతాయనడానికి తమకు ఆధారం దొరకలేదని తేల్చింది. శానటోరియంలో డెబ్బై ఏళ్లు దాటేదాకా బ్రతికినవారు ఎవరు, మందు మానేసినవారు ఎందుకు మానేశారు, గోడల మధ్యే ఉన్న మనిషికి మతిమరుపు మొదలైతే దాన్ని ఎవరు గమనిస్తారు అన్న ప్రశ్నలన్నీ ఆ తొలి అంకెల వెనుక ఉన్నాయి.

బీరువా గారు చేసిన పని సరైనది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి డాప్సోన్ ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలి రక్తం పడిపోతుంది. ఆ లోపం జన్యువుల వల్లనే వస్తుంది. హెచ్ఎల్ఏ-బీ అనే రోగనిరోధక జన్యువులో 13:01 అనే రూపం ఉన్నవారిలో ఆ మందు ప్రాణాంతకమైన డాప్సోన్ సిండ్రోమ్‌ను తెచ్చే ముప్పు ఎక్కువని 2013లో చైనా పరిశోధకులు చూపించారు. మన చర్చలో చేతికి పనికివచ్చే జన్యు సమాచారం ఏదైనా ఉందంటే అది ఇదేనని నా అభిప్రాయం. మతిమరుపు రాకుండా ఎవరూ డాప్సోన్ వేసుకోకూడదు.

సరిహద్దు మేష్టారు (ఇచ్ఛాపురం)

డాక్టరు గారూ, మామ్మగారికి డిమెన్షియా ఉందని అసలు ఎలా తేలుస్తారు? మా ఊళ్లో జరిగిన ఒక శిబిరంలో జ్ఞాపకశక్తి పరీక్ష దగ్గర నేను సాయంగా కూర్చున్నాను. గడియారం బొమ్మ గీయమన్నారు. వేళ్లు వంకరపోయిన ఆ తాత పెన్సిలు పట్టుకోవడానికే రెండు అరచేతుల మధ్య నొక్కుకోవలసి వచ్చింది. కాగితం కుడిచేత్తో తీసుకుని, మడిచి, కింద పెట్టమన్నారు. స్పర్శ లేని చేతికి కాగితం తగిలిందో లేదో చూపుతో తెలుసుకోవాలి, ఆయనకు చూపూ అంతంతమాత్రమే. ఒక వాక్యం రాయమన్నారు. ఆయన బడి గుమ్మం ఎక్కలేదు, ఎక్కనివ్వలేదు. తరువాత ఒక అవ్వను ఈ రోజు తారీకు ఎంత అని అడిగారు. "తారీకుతో నాకేటి పని బాబూ, పింఛనొచ్చి ఇది తొమ్మిదో రోజు" అన్నదామె. పరీక్ష చేస్తున్న అబ్బాయి సున్నా వేశాడు. పింఛను ఒకటో తారీకున వస్తుంది. ఆ రోజు తొమ్మిదో తారీకే.

బల్లభ్‌గఢ్ పరిశోధకులు చదువు రానివారి కోసం ప్రశ్నలను మార్చి ప్రత్యేకంగా ఒక హిందీ పరీక్ష తయారు చేసుకున్నారని విన్నాను. హైదరాబాద్ నిమ్స్‌లో తెలుగులోనూ అలాంటివి సిద్ధం చేశారు. నిమ్స్‌లో చూపించుకున్న 648 మంది డిమెన్షియా రోగుల వివరాలతో 2013లో ఒక పరిశోధన వచ్చింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని, చదువు రానివారిలోనూ ఆ తేడా ఉందని అందులో తేలింది. మా సరిహద్దులో కూలికి వెళ్లే అవ్వ కూడా తెలుగులో పలకరించి ఒడియాలో బేరమాడుతుంది. ఈ4 ఉందా లేదా అని అడిగేవారు ఆమెకు ఎన్ని భాషలు వచ్చో కూడా అడగాలి.

కోట వీధి డాక్టరు

మేష్టారూ, ఆ తొమ్మిదో రోజు సంగతి మా జూనియర్ డాక్టర్లకు చెబుతాను, మీ అనుమతి ఉందనుకుంటాను. చేతులు, కళ్లు, చదువు మీద ఆధారపడే ప్రశ్నలు తీసేసి, ఇంట్లోవారిని "ఏడాది క్రితం చేయగలిగి ఇప్పుడు చేయలేనిది ఏమిటి" అని అడగడమే ఇక్కడ సరైన పద్ధతి.

2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ మన చేతిలో ఉన్న పద్నాలుగు ముప్పులను గుర్తించి, వాటన్నిటినీ తొలగించగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో 45 శాతం దాకా నివారించవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని చెప్పింది. అందులో చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, దిగులు, ఒంటరితనం, మధుమేహం, రక్తపోటు, కదలిక లేకపోవడం ఉన్నాయి. కాలనీలోని ఒక వృద్ధురాలి జీవితాన్ని వీటి పక్కన పెట్టి చూడండి. బడిలోకి రానివ్వలేదు. రెప్ప మూతపడక కంటి నల్లగుడ్డు పైపొర దెబ్బతింది. ఊరు వెలివేసింది. కాలి పుండు వల్ల నడక తగ్గింది. రియాక్షన్ల కోసం నెలల తరబడి వాడిన ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మందు కొందరికి మధుమేహాన్ని, శుక్లాలను తెచ్చిపెట్టింది. ఇన్ని ఉండగా ఆమె మతిమరుపుకు కారణం జన్యువులో వెతకడం మొదలుపెడితే, ఎదురుగా కనిపిస్తున్నవాటిని దాటిపోతాం.

నడిచే నర్సు (చీపురుపల్లి)

నేను పుండ్లకు కట్లు కట్టేదాన్ని, జన్యువుల గురించి నాకు తెలియదు. వంశధార గారూ, మామ్మగారి మరుపు ఏడాదిగా నెమ్మదిగా వస్తున్నదేనా, ఈ మధ్య కొద్దిరోజుల్లో హఠాత్తుగా పెరిగిందా? ఈ తేడా చాలా ముఖ్యం.

నా దగ్గరకు తెచ్చిన ఒక తాతగారు మూడు రోజులుగా రాత్రిళ్లు లేచి, చనిపోయిన భార్యతో మాట్లాడుతున్నారు. ఇంట్లోవారు గాలి సోకిందనుకున్నారు, తరువాత మతి పోయిందనుకున్నారు. నేను ఆయన ఎంసీఆర్ చెప్పులు, అంటే స్పర్శ లేని కాళ్లకు ఇచ్చే మెత్తని రబ్బరు అట్ట చెప్పులు, విప్పించాను. ఎడమ చెప్పు అట్ట పాదానికి అంటుకుపోయి వచ్చింది. బొటనవేలి కింద పుండు ఎముక దాకా దిగి చీము పట్టింది. స్పర్శ లేని కాలు కనుక ఆయనకు నొప్పి లేదు, నొప్పి లేదు కనుక ఎవరికీ తెలియలేదు. జ్వరం కూడా పైకి పెద్దగా లేదు. శరీరంలో చీము ఉందని మొదట చెప్పింది ఆయన తడబాటే. ఆసుపత్రిలో చేర్చి పుండు శుభ్రం చేసి మందులు ఎక్కించాక, వారం రోజులకు నన్ను గుర్తుపట్టి, నా జీతం పెరిగిందా అని అడిగారు.

ఇంకొకటి, నిద్రకని, దురదకని ఇచ్చే మాత్రలు. అలర్జీ మాత్ర, నిద్రమాత్ర, కడుపు నొప్పి మాత్ర, మూడూ వేర్వేరు చోట్ల రాయించుకుని ఒకేసారి మింగే ముసలివారిని చూస్తున్నాను. మందుల అట్టలన్నీ ఒకచోట పోసి చూడండి.

వంశధార గట్టు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న వెళ్లి వచ్చాను, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మామ్మగారి చెప్పులు విప్పించాను. కుడి మడమ దగ్గర చిన్న పగులు ఉంది, చీము లేదు. నీళ్లలో నానబెట్టి, నూనె రాయడం మనుమడికి మళ్లీ నేర్పాను. చెవుల్లో గట్టిపడిన గుబిలి ఉంది, ఎడమ చెవికి నా గడియారం చప్పుడు వినిపించలేదు. మందుల అట్టలు ఒక పాత బిస్కెట్ డబ్బాలో దొరికాయి. దురదకని రెండేళ్ల క్రితం ఎవరో రాసిన మాత్ర ఆమె ఇంకా రోజూ రెండుసార్లు వేసుకుంటున్నారు. దురద ఎప్పుడో పోయింది. ఆ అట్టను ఫొటో తీసి డాక్టరు గారికి పంపాను. ఈలోగా బి12, థైరాయిడ్, చక్కెర పరీక్షలకు రక్తం ఇప్పించాను.

వీటివల్లనే అంతా జరిగిందని నేను అనుకోవడం లేదు. పొయ్యి మీద గిన్నె మరచిపోవడం ఆ మాత్ర కంటే ముందే మొదలైందని మనుమడు చెప్పాడు. డిమెన్షియా కూడా ఉండి ఉండవచ్చు. కాని ఆమె అడిగిందే అడగడంలో సగం, మనం చెప్పిన జవాబు వినపడక అడగడమేనని నిన్న కుడి చెవి వైపు కూర్చుని మాట్లాడాక నాకు నమ్మకం కుదిరింది.

పిల్లవాడికి చెప్పింది ఇది. "మీ మామ్మకు వచ్చిన కుష్ఠు క్రిమి వల్ల వచ్చింది, నయమైపోయింది, నీ రక్తంలో దిగలేదు. మతిమరుపుకు తోడయ్యే జన్యువులు ఏ ఇంట్లోనైనా ఉండవచ్చు, కలెక్టరు గారి ఇంట్లోనైనా ఉండవచ్చు, వాటికీ కుష్ఠుకూ ముడి పెట్టకు. ఫోనులో వచ్చిందీ నిజం కాదు, ఆ మందు మింగినంత మాత్రాన మరుపు రాకుండా పోదు." కాసేపు ఆలోచించి, "మరి మామ్మకి చెవి మిషను పెడితే మాటలాడతాదా తాతా?" అని అడిగాడు. ముందు గుబిలి తీయించి చూద్దామన్నాను.

కాలనీలో డెబ్బై దాటినవారు ఇంకా పదకొండు మంది ఉన్నారు. వాళ్లందరి చెవులు, కళ్లు, కాళ్లు, మందుల డబ్బాలు ఒకసారి చూడాలనుకుంటున్నాను. ఎవరైనా తోడు వస్తారా?

పెరటి జామ

నేను వస్తాను. మా అమ్మతో నాలుగేళ్లు గడిపినదాన్ని, ఇంట్లోవారిని ఏం అడగాలో నాకు తెలుసు.

నడిచే నర్సు

కట్ల సామాను, థర్మామీటరు నేను తెస్తాను. చెప్పుల కొలతలు కూడా తీసుకుందాం, అరిగిపోయిన ఎంసీఆర్ చెప్పులతోనే పుండ్లు మొదలవుతాయి.

కోట వీధి డాక్టరు

రెండో శనివారం పొద్దున్న తొమ్మిదికి వస్తాను. వంశధార గారూ, అందరి మందుల అట్టలూ పాతవీ కొత్తవీ ఒక్కటీ పారేయకుండా, ఎవరివి వారికి వేరువేరు సంచుల్లో ఉంచమని చెప్పండి. మీరు పంపిన ఫొటోలోని మాత్ర జ్ఞాపకశక్తిని మందగింపజేసే రకమే. ఇంతకాలంగా వాడుతున్నదాన్ని నేను చూసి, తగ్గిస్తూ ఆపిస్తాను. అంతవరకు మీరు దాన్ని మార్చకండి.

సరిహద్దు మేష్టారు

ప్రశ్నల కాగితం నేను తయారు చేస్తున్నాను. గడియారం బొమ్మ తీసేశాను. తారీకు బదులు "పింఛనొచ్చి ఎన్నో రోజు" అని పెట్టాను.